బండ్లు నిలిచిన వేసవి

మందమర్రి మంచిర్యాల జిల్లాలోని బొగ్గుగనుల పట్టణము. పూర్వము ఇది ఆదిలాబాదు జిల్లాలో నుండెడిది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మంచిర్యాల జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరినది. కాజీపేట నుండి బల్లార్షాకు పోవు రైలుమార్గము ఈ యూరిమీదుగా సాగును. ఇచట గడియారము లేనివానికి సైతము వేళ తెలియును. తెల్లవారుచుండగనే గని కూత వినబడును. మొదటి షిఫ్టునకు పోవు కార్మికులు టిఫిను డబ్బాలతో మోటారు సైకిళ్లపై బయలుదేరుదురు. వారి వెనుక బడిపిల్లల ఆటోలు, మంచిర్యాలకును బెల్లంపల్లికిని పోవు బస్సులు, బొగ్గు నింపుకొన్న టిప్పర్లు రోడ్డునకు వచ్చును. సాయంకాలమున ఇంటి అరుగుపై వ్రేలితో గీత గీసినచో ఆ గీత చక్కగా కనబడును. వ్రేలి కొన నల్లబడును.

నేను ఈ ప్రాంతపు పాఠశాలలలో తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయుడనై, పదవీ విరమణ చేసితిని. అప్పటినుండి మా యింట అరుగు తుడుచు పని నాది. ఇది చెప్పుటకు కారణము కలదు. ఏ దినమున ఎంత దుమ్ము పడినదో వార్తాపత్రిక చూడకయే చెప్పగల విద్య నాకు ఆ పనివలననే అలవడినది.

2020వ సంవత్సరము మార్చి 22వ తేదీ ఆదివారము. దేశమంతట జనతా కర్ఫ్యూ పాటింపబడిన దినము. అంతకు పదునొకండు దినములకు ముందే, మార్చి 11న, కరోనా వ్యాధి మహమ్మారిగా మారినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. తెలంగాణలో మొదటి రోగిని మార్చి 2వ తేదీననే గుర్తించిరి. ఆ ఆదివారమునాడే ఆర్టీసీ బస్సులు, హైదరాబాదు మెట్రో రైళ్లు నిలిచిపోయినవి. దేశమంతట ప్రయాణికుల రైళ్లును ఆగినవి. మరుసటి దినమునుండి రాష్ట్రమంతటను, మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్ అమలులోనికి వచ్చెను. ఈ మాటకు పండితులు దిగ్బంధమనియు, గృహనిర్బంధమనియు తెలుగు సేతలు చేసిరి కాని, జనులందరు లాక్‌డౌన్ అనియే పలికిరి. నేనును అట్లే వ్రాయుచున్నాను.

మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సర ఉగాది. పచ్చడికి వేపపూవు మా పెరటిలోనే దొరకినది. మామిడికాయకై వీధి చివరకు పోయివచ్చుట మాత్రము ఒక సాహసముగా తోచెను. ఆ యుదయమున అరుగుపై కూర్చుండి విన్నది నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. రోడ్డుపై చప్పుడు లేదు. ఎక్కడనో కోకిల కూయుచున్నది. అది ఆ దినముననే క్రొత్తగా వచ్చిన పక్షి కాదు, ఏటేట కూయునదే. ఇన్నాళ్లు టిప్పర్ల హోరులో మాకు వినబడలేదు. ఏప్రిల్ 2న భద్రాచలములో సీతారాముల కళ్యాణము భక్తులు లేకుండగనే జరిగెను. అంతటి నిశ్శబ్దమును నా తరమువారెవ్వరు చూచి యెరుగరు.

మా అమ్మాయి కుటుంబము హైదరాబాదులో సనత్‌నగర్ ప్రాంతమున నివసించును. వారి కుమారునకు చిన్ననాటినుండి ఆయాసము కలదు. చలికాలమున రాత్రులు వాని ఊపిరి పిల్లనగ్రోవివలె సన్నగా ధ్వనించును. తల్లి నిద్ర మాని కూర్చుండును. మందు పీల్చు గొట్టము వాని బడిసంచిలో పలక బలపములతో పాటు ఒక వస్తువైపోయినది. ఏప్రిల్ మొదటి వారమున అమ్మాయి ఫోనులో ఇట్లనెను: "బాపూ, వీనికి పదిరోజులాయె, మందు అవసరం పడలేదు. రాత్రి మంచిగ పడుకుంటున్నడు. మేడ మీదికెళ్లి చూస్తే దూరంగ ఉన్న గుట్టలు సుత కనబడుతున్నయి."

విని నేను సంతోషించితిని. కాని ఉపాధ్యాయ వృత్తిలో నాకబ్బిన ఒక చెడు గుణమో మంచి గుణమో యున్నది: ఎవరేమి చెప్పినను 'కారణమేమి?' యని అడుగుట. బాలునకు నెమ్మది కలుగుటకు గాలియే కారణమా? బడి లేదు, బడి దుమ్ము లేదు. ఇతర పిల్లలనుండి సోకు జలుబు లేదు. చలికాలము గడచి ఎండలు ముదిరినవి. ఒక్క బాలుని ఆరోగ్యమును బట్టి నగరమంతటి గాలిని గూర్చి తీర్మానింపరాదు. అందుకు కొలతలు కావలెను.

గాలిని కొలుచుట ఎట్లో మీరును తెలిసికొనదగినది. హైదరాబాదులో సనత్‌నగర్, జంతు ప్రదర్శనశాల, కేంద్రీయ విశ్వవిద్యాలయము మున్నగు చోట్ల గాలిని ఎడతెగక పీల్చి పరీక్షించు యంత్రములు నెలకొల్పబడియున్నవి. అవి ముఖ్యముగా కొలుచునది ధూళి. కంటికి కనబడు దుమ్ముకంటె కనబడని దుమ్ము ప్రమాదకరము. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో ఒక భాగము మైక్రోమీటరు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు యాబది మొదలు డెబ్బది మైక్రోమీటర్లుండును. పది మైక్రోమీటర్లకు మించని ధూళికణములను పి.ఎం. 10 అనియు, రెండున్నర మైక్రోమీటర్లకు మించని వానిని పి.ఎం. 2.5 అనియు వ్యవహరింతురు. పెద్ద కణములలో పెక్కింటిని ముక్కు, గొంతు అడ్డగించును. తుమ్ము, దగ్గు ఆ కావలివాండ్రే. రెండున్నర మైక్రోమీటర్లలోపు కణమునకు ఆ కావలి లెక్కలేదు. అది ఊపిరితిత్తుల అట్టడుగు తిత్తులవరకు చేరును. అన్నిటికంటె సూక్ష్మమైనవి రక్తములోనికిని పోగలవు. మన దేశమున 2009లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము, ఒక ఘనపు మీటరు గాలిలో పి.ఎం. 2.5 సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ హద్దును 5 మైక్రోగ్రాములకు దించెను. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న దూరమును చూచినచో, మనము 'మంచి గాలి' యని పిలుచునది ఎంతవరకు మంచిదో ఊహింపవచ్చును.

ధూళి కాక వాయువులును కలవు. వానిలో నైట్రోజన్ డయాక్సైడు మన పాఠమునకు ముఖ్యము. ఇది చాలవరకు పెట్రోలులోనో డీసెలులోనో ఉన్న పదార్థము కాదు. ఇంజనులోని తీవ్రమైన వేడిమికి గాలిలోని నత్రజనియు ప్రాణవాయువును కలిసికొనుటచే పుట్టును. వేడి యెక్కడ ఎక్కువగానున్న అక్కడ ఇది పుట్టును. కనుక విద్యుత్కేంద్రపు కొలిమిలోను పుట్టును. అయితే దీని ఆయువు స్వల్పము. పుట్టిన కొన్ని గంటలలోనే రూపు మారిపోవును. అందువలన ఒక నగరమున ఇంజనులు ఆగినచో మరునాటికే దీని మొత్తము తగ్గుట కనబడును. చైనాలోని వూహాన్ నగరమును 2020 జనవరి 23న మూసివేసినప్పుడు, ఆకాశమున తిరుగు ఉపగ్రహములు ఆ ప్రాంతముపైని నైట్రోజన్ డయాక్సైడు క్షీణించుటను స్పష్టముగా గుర్తించినవి. రెండు నెలల పిదప మన దేశముపైనను అట్టి దృశ్యమే కనబడెను. ఉత్తర భారతముపై ఏప్రిల్ తొలి దినములలో ధూళిపొర ఆ ఋతువునకు ఇరువది యేండ్లలో ఎన్నడు లేనంత పలుచబడినదని అమెరికా దేశపు అంతరిక్ష సంస్థ నాసా తెలిపెను. పంజాబులోని జలంధరు పట్టణవాసులు మేడలపై నిలిచి దౌలాధార్ మంచుకొండలను చూచిరి. వారిలో పడుచువారనేకులకు ఆ కొండలు తమ యూరినుండి కనబడునన్న సంగతియే తెలియదు.

ఇక లెక్కలు. ఢిల్లీలోని ఐ.ఐ.టి. పరిశోధకులును వారి సహచరులును దేశమందలి 22 నగరముల కొలతలను తీసికొని, మార్చి 16 మొదలు ఏప్రిల్ 14 వరకు గల దినములను, అంతకు ముందటి మూడు సంవత్సరముల అవే దినములతో పోల్చిరి. పి.ఎం. 2.5 నూటికి 43 వంతులు, పి.ఎం. 10 నూటికి 31 వంతులు, నైట్రోజన్ డయాక్సైడు నూటికి 18 వంతులు, కార్బన్ మోనాక్సైడు నూటికి 10 వంతులు తగ్గినట్లు వారు కనుగొనిరి. వారు పోల్చిన విధమును గమనింపుడు. జనవరి గాలిని ఏప్రిల్ గాలితో పోల్చలేదు. చలికాలమున నేలకు దగ్గరి గాలి చల్లబడి బరువెక్కి, పైకి పోజాలక, మూత పెట్టిన కుండలోని పొగవలె పొగను పట్టియుంచును. ఎండకాలమున నేల కాగి, గాలి పైకి లేచి, పొగ చెదరిపోవును. కావున బండ్లన్నియు తిరుగుచున్నను ఏప్రిల్ గాలి జనవరి గాలికంటె మెరుగుగానే యుండును. ఏప్రిలును ఏప్రిలుతోనే తూచవలెను. మా మనుమని ఆయాసము తగ్గుటలో ఋతువు పాలెంతయో, బండ్ల పాలెంతయో నేను విడదీయలేనిది ఇందువలననే. రెండును ఉన్నవనుటకు మాత్రము సందేహము లేదు.

అదే పరిశోధనలో మరి రెండు సంగతులున్నవి. వానిని వార్తాపత్రికలు అంతగా పట్టించుకొనలేదు. నాకు మాత్రము అవియే అసలు పాఠముగా తోచినవి. మొదటిది: ఓజోను తగ్గలేదు సరికదా, నూటికి 17 వంతులు పెరిగినది. ఆకాశమున బహుదూరమున నుండు ఓజోను మనకు రక్ష. నేలమీది ఓజోను ఊపిరితిత్తులకు శత్రువు. ఇది ఏ గొట్టమునుండియు నేరుగా వెలువడదు. నైట్రోజన్ డయాక్సైడు, ఇంధనపు ఆవిరులు ఎండలో ఉడికి దీనిని వండును. కాని బండ్లనుండి అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడు దీనిని తినివేయును కూడ. రద్దీ రోడ్ల నగరములలో ఈ తినుట ఎక్కువ. బండ్లు ఆగుటతో తినునది తగ్గెను, ఎండ యథాప్రకారము కాయుచుండెను, ఓజోను మిగిలిపోయెను. ఒక దొంగను పట్టుకొనగా వాడు బెదరించియుంచిన మరియొక దొంగ బయలుపడినట్లయినది.

రెండవది: గంధకపు వాయువు, అనగా సల్ఫర్ డయాక్సైడు, చెప్పుకొనదగినంతగా మారలేదు. ఏల మారలేదు? మన దేశమున ఆ వాయువును అత్యధికముగా వెలువరించునవి బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములు. జనులు ఇండ్లలో కూర్చున్నను పంకాలు తిరుగవలెను, ఆసుపత్రులు నడువవలెను. కర్మాగారములు మూతపడుటచే దేశమున విద్యుత్తు వాడకము ఏప్రిల్ నెలలో సుమారు ఐదవ వంతు తగ్గినమాట నిజమే; విద్యుత్కేంద్రముల వద్ద బొగ్గు గుట్టలుగా పేరుకొన్నమాట నిజమే. కాని కొలిములు ఆరలేదు. రోడ్డుపై బండి ఆగినంత సులభముగా కొలిమి ఆగదు.

ఇచటనే కథ హైదరాబాదు నుండి మా మందమర్రికి మరలుచున్నది.

మా ప్రాంతమునుండి గోదావరి దాటినచో రామగుండము. అచటి ఎన్.టి.పి.సి. కేంద్రములో మొదటి యూనిటు 1983లో వెలిగినది. క్రమముగా దాని శక్తి 2,600 మెగావాట్లకు పెరిగినది. మా జిల్లాలోనే జైపూర్ వద్ద సింగరేణి సంస్థ 1,200 మెగావాట్ల కేంద్రమును 2016లో నడుపనారంభించినది. ఒక యూనిటు విద్యుత్తు పుట్టుటకు అరకిలోకు పైగా బొగ్గు కాలవలెను. మన దేశపు బొగ్గులో మూడవ వంతో, అంతకు మించియో బూడిదయే. సనత్‌నగర్‌లో మా మనుమని తలపై తిరుగు పంకా వెనుక ఒక తీగ యున్నది. ఆ తీగ చివర ఒక కొలిమియున్నది. ఆ కొలిమికి దారి మా యూరి రైలుకట్టపైనుండి. అందుకే ప్రయాణికుల రైళ్లు ఆగినను బొగ్గు వ్యాగన్ల రైళ్లు ఆగలేదు. ఆ నిశ్శబ్దపు రాత్రులలో వ్యాగన్ల చప్పుడు మునుపటికంటె బిగ్గరగా వినవచ్చెడిది.

ఏప్రిల్ నెలలో భూగర్భ గనులకు లే-ఆఫ్ ప్రకటింపబడెను. ఇరుకైన దారులలో, ఒకే గాలిని పీల్చుచు పనిచేయువారికి వ్యాధి సులభముగా సోకునను భయము కలదు. ఉపరితల గనులు మాత్రము పనిచేయుచునే యుండెను. ఈ భేదమును మీరు తెలిసికొనవలెను. భూగర్భ గనిని మావారు 'బాయి' యందురు. దానిలో దుమ్ము కార్మికుని ఊపిరితిత్తులలోనికి పోవును. ఊరివారికి అంతగా కనబడదు. ఉపరితల గనిలో బొగ్గుపైని మట్టినంతటిని ప్రేల్చి, త్రవ్వి, డంపర్లతో తరలించి కొండలవలె పోయుదురు. ఆ దుమ్ము గాలివాటున ఊరిపై వ్రాలును. కనుక ఆ వేసవిలో బండ్లు నిలిచిన రోడ్డు దుమ్ము తగ్గినది కాని, గని దుమ్ము నిలువలేదు.

ఇది నా యూహ మాత్రమే కాకుండుటకు ఒక చిన్న పరీక్ష చేసితిని. పాత తెల్ల ధోవతిని సమానమైన ముక్కలుగా కత్తిరించి, ప్రతి గురువారము ఒక తడిగుడ్డను రోడ్డువైపు ప్రహరీగోడపై, మరియొకదానిని గని దిక్కుగా మేడపై, ఉదయము తొమ్మిది మొదలు సాయంకాలము ఆరు వరకు పరచియుంచితిని. విప్పిన గుడ్డపై తేదీ వ్రాసి దాచితిని. మా యింటివారు నన్ను చూచి నవ్విరి. లాక్‌డౌనుకు ముందటి గుడ్డ నాయొద్ద లేకుండుట ఈ పరీక్షలోని పెద్ద లోపము. బుద్ధి ఆలస్యముగా పుట్టినది. కావున ఏప్రిల్ గుడ్డలను, బండ్లు మరల తిరుగనారంభించిన తరువాతి గుడ్డలతో పోల్చవలసివచ్చెను. వాన కురిసిన దినములను వదలివేసితిని. ప్రహరీగోడమీది ఏప్రిల్ గుడ్డ లేత గోధుమ వన్నెలో నుండగా, తరువాతి గుడ్డ బూడిద వన్నెకు తిరిగినది. మేడమీది గుడ్డలు రెండు కాలములలోను ఒకే విధముగా నల్లబడియున్నవి. ఇది కొలత కాదు, కంటిచూపు మాత్రమే. ఐనను ఏ దుమ్ము ఎక్కడిదో నాకు చెప్పినది.

మా పొరుగింటివాడు భూగర్భ గనిలో ఇరువది రెండేండ్లుగా పనిచేయుచున్న కార్మికుడు. నా వద్ద చదివిన పిల్లల తండ్రి. లే-ఆఫ్ వలన ఇంటనే యుండెను. ఒకనాటి సాయంకాలము గోడకు అటునిటు నిలిచి మాటలాడుకొంటిమి.

"దగ్గు ఏమన్న తగ్గిందా?" అని యడిగితిని.

"తగ్గినట్టే ఉన్నది సారూ. బాయిల దిగక పన్నెండు దినాలాయె. ఊపిరి మంచిగనే ఆడుతున్నది" అనెను. కొంతసేపూరకుండి మరల నిట్లనెను: "మీరు గాలి మంచిగైందని గుడ్డలు ఆరేసి చూస్తున్నరట. మంచిదే. గని సగం జీతంతోని నెల ఎట్ల ఎల్లుతదో నాకు అర్థమైతలేదు. పెద్దపిల్ల ఫీజు కట్టాలె. బాయి నడిస్తే దగ్గొస్తది, నడువకుంటే పొయ్యి ఆరుతది. ఇండ్ల ఏది మంచిదో మీరే చెప్పుండ్రి."

నేను ముప్పదియేండ్లు పిల్లల ప్రశ్నలకు సమాధానములు చెప్పినవాడను. ఆ దినమున నాయొద్ద సమాధానము లేదు. లే-ఆఫ్ కాలమున మూలవేతనములోను కరువు భత్యములోను సగము చెల్లింపవలెనని చట్టము చెప్పుచున్నదని మాత్రము అంటిని. అది అతనికి నాకంటె బాగుగా తెలియును.

ఆ వేసవి గాలిని పొగడువారు ఈ వెలను మరువకూడదని నా అభిప్రాయము. గాలి శుభ్రపడుటకు మనము ఏమియు కనిపెట్టలేదు, ఏమియు బాగుచేయలేదు, బ్రదుకును ఆపివైచితిమి. మే 1వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదు సమీపమునగల లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు ఒక రైలు కదలెను. లాక్‌డౌనులో చిక్కుబడిన వలస కార్మికులకై దేశమున నడచిన మొదటి ప్రత్యేక రైలు అదియే. పని లేక, తిండి లేక, ఐదు వారములకు పైగా ఎదురుచూచినవారు సుమారు పండ్రెండు వందలమంది దానిలో ప్రయాణించిరి. రైలు దొరకక నడచిపోయినవారెందరో! మూసియుంచిన కర్మాగారము కూడ నిరపాయమని తలపరాదు. మే 7వ తేదీన, తెల్లవారకముందు, విశాఖపట్టణము చెంత ఒక పాలిమర్ల కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పండ్రెండుగురు మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. లాక్‌డౌను సడలింపుల పిమ్మట దానిని మరల నడుపుటకు ఆయత్తమగుచున్న సమయమది. దేశమంతటను గాలి తేటపడినదని చెప్పుకొనుచున్న ఆ వారములోనే ఒక పల్లెలో గాలియే ప్రాణములు తీసినది.

పొగకు ప్రయాణమే కారణమని తలచువారు లండను నగరపు ఒక పాత కథను కూడ వినవలెను. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు ఆ నగరమును దట్టమైన పొగమంచు కప్పివేసెను. ఎదుటి మనిషి కనబడక బస్సులు నిలిచిపోయినవి. జనులు ఇండ్లలోనే కూర్చుండిరి. అనగా అచటను ఒక విధమగు లాక్‌డౌనే. కాని ఇండ్లలో కూర్చున్నవారు చలికి బొగ్గు రాజేసిరి. విద్యుత్కేంద్రములును బొగ్గునే కాల్చుచుండెను. పొగ తగ్గలేదు. సుమారు నాలుగువేలమంది చనిపోయిరని తొలుత లెక్కించిరి. తరువాతి పరిశోధకులు పండ్రెండు వేలవరకు చెప్పిరి. 1956లో అచటి ప్రభుత్వము శుభ్రవాయు చట్టమును తెచ్చినది. మా గని కాలనీలలోను ఒకప్పుడు ప్రతి యింట బొగ్గుల పొయ్యియే యుండెడిది. సాయంకాలము ఆరు గంటలకు ఒకేసారి పొయ్యిలన్నియు రాజుకొనగా వీధి చివరి మనిషి కనబడెడివాడు కాడు. వంటగ్యాసు వచ్చిన తరువాత ఆ పొగ పోయినది. అది పోవుటకు ఏ మహమ్మారియు రానక్కరలేకపోయెను.

అట్లే మరియొక మార్పు ఆ వేసవిలోనే, ఎవరి కంటను పడకుండ జరిగినది. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి దేశమంతట బి.ఎస్. 6 అను క్రొత్త ప్రమాణపు పెట్రోలు, డీసెలు అమలులోనికి వచ్చినవి. అంతవరకు పదిలక్షల పాళ్ల ఇంధనమున 50 పాళ్లవరకు గంధకముండవచ్చును. ఆ దినమునుండి 10 పాళ్లకు మించరాదు. రోడ్లపై బండ్లు లేని దినమున బండ్ల ఇంధనము శుభ్రపడుట విచిత్రము. విద్యుత్కేంద్రముల గంధకపు వాయువును కడిగివేయు యంత్రములను అమర్పవలెనని 2015 డిసెంబరులోనే నిబంధన చేసిరి. గడువులు పలుమార్లు పొడిగింపబడినవి. 2025లో పెక్కు కేంద్రములకు ఆ నిబంధననుండి మినహాయింపే యిచ్చిరి. బండివానికి వర్తించిన పట్టుదల కొలిమికి వర్తింపలేదేమని నా వంటి వృద్ధుడు అడిగినచో తప్పు పట్టరని తలచుచున్నాను.

మే 19న ఆర్టీసీ బస్సులు జిల్లాలలో మరల నడచినవి. హైదరాబాదు మెట్రో సెప్టెంబరు 7న, నగరపు బస్సులు అదే నెల 25న కదలినవి. ఈ నాలుగు నెలలు నగరవాసులు పనులకెట్లు పోయిరి? సొంత బండ్లపై పోయిరి. మా బంధువులలోనే ఇద్దరు, బస్సెక్కుటకు భయపడి, మోటారు సైకిళ్లు కొనిరి. భయము పోయినను బండ్లు పోలేదు. యాబదిమంది ఎక్కు బస్సు ఖాళీగా పోవుచుండ, దాని చుట్టును నలుబది బండ్లు పొగ వదలుచు పోవుట అప్పటినుండి మరింత అధికమైనది. 2021 మే 12న రెండవమారు రాష్ట్రమున లాక్‌డౌను వచ్చినప్పుడు, ఉదయము ఆరు మొదలు పది గంటలవరకు సడలింపు నిచ్చిరి. దినమంతటి రద్దీ ఆ నాలుగు గంటలలో క్రిక్కిరిసినది. అప్పటికి జనులకు గాలిని గూర్చి తలచు తీరిక లేదు. ప్రాణవాయువు సిలిండర్లకై పరుగులిడుచుండిరి.

భూగర్భ గనులు మరల తెరువబడినప్పుడు మా పొరుగింటివాడు మొదటి షిఫ్టునకు బయలుదేరుచు గోడమీదుగా నన్ను పిలిచి, "పోతున్న సారూ" అనెను. అతని ముఖమున సంతోషమే కనబడెను. రెండు వారములకు దగ్గు మరల వినబడెను. పెద్దపిల్ల ఫీజు కట్టిరి.

2022 వేసవి సెలవులలో మా మనుమడు మందమర్రికి వచ్చెను. రైలు దిగగనే ముక్కు చిట్లించి, "తాతా, ఇక్కడ బొగ్గు వాసనొస్తుంది" అనెను. చొక్కా జేబులో మందు గొట్టమున్నది. నా గుడ్డల మూటను చూపి సంగతియంతయు చెప్పితిని. వాడు ఏప్రిల్ గుడ్డను, తరువాతి గుడ్డను పక్కపక్కన పరచి చాలసేపు చూచి, "బండ్లు ఆపకుండ ఈ గుడ్డ ఇట్ల తెల్లగ ఉండదా?" యని యడిగెను.

నిండుగా నడచు బస్సు, తడిపిన రోడ్డు, పట్టా కప్పిన టిప్పరు, గని చుట్టు దట్టమగు చెట్ల వరుస, పొగగొట్టముపై కడుగు యంత్రము: నాకు తెలిసినవన్నియు చెప్పితిని. "అయితే అవన్ని పెట్టినంక మళ్ల గుడ్డ పెట్టి చూడాలె" అనెను. మరునాడు గురువారము. వాడే ధోవతి కత్తిరించి, తడిపి, ప్రహరీగోడపై ఒకటి, మేడపై ఒకటి పరచెను. సాయంకాలము ఆరు గంటలకు రెండింటిని విప్పి, అంచున తేదీ వేసి, ఒకదానిపై 'బూడిద రంగు' అనియు, రెండవదానిపై 'నలుపు' అనియు వ్రాసి, నా మూటలో పెట్టెను.